మామ్మలకు తుఫాను పాఠాలు: దివిసీమలో ఆరు మధ్యాహ్నాల శిక్షణ ఎలా సాగింది

కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా అత్తవారి ఊళ్ళో, 2025 జూలై చివరి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా, పదిహేను రోజులకు ఒక మధ్యాహ్నం చొప్పున ఆరుసార్లు, అరవై దాటిన ఆడవాళ్ళకు మాత్రమే ఒక తుఫాను శిక్షణ నడిచింది. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఊళ్ళోని డ్వాక్రా సంఘాల సమాఖ్యతో కలిసి దీన్ని ఏర్పాటు చేసింది. చేరడానికి రుసుము లేదు. చివర ఇచ్చే సంచికి మాత్రం మనిషికి 200 రూపాయలు తీసుకున్నారు. మొదటి రోజు 31 మంది వచ్చారు, ఆఖరు దాకా 26 మంది నిలిచారు. వాళ్ళలో 74 ఏళ్ళ మా అత్తయ్యగారు ఒకరు. నేను విజయవాడ నుంచి వెళ్ళి నాలుగు తరగతుల్లో ఆమె పక్కన కూర్చున్నాను. మిగిలిన రెండింటి సంగతి ఆమె నోటే విన్నాను. తరగతులు ముగిసిన మూడు వారాలకే మొంథా తుఫాను రావడంతో, నేర్చుకున్నది ఎంతవరకు అక్కరకు వచ్చిందో చూసే వీలు కూడా కలిగింది. ఇలాంటి శిక్షణను తమ ఊరికి పిలిపించుకోవాలనుకునేవారి కోసం దీన్ని రాస్తున్నాను. సంస్థ పేరు కావాలనే వదిలేశాను; నలుగురైదుగురు మనుషులతో నడిచే చోట లోపాలు చెప్పేటప్పుడు పేరుతో పని లేదు, పద్ధతితోనే పని.

అసలు ఈ శిక్షణలో ఆమెను ఎందుకు చేర్పించామో చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు సాయంత్రం సచివాలయం సిబ్బంది ఇంటింటికీ తిరిగి, షెల్టరుకు రమ్మని బతిమాలి, ఆటో కూడా తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టారు. మా అత్తయ్యగారు లోపలి నుంచి తలుపు గడియ వేసుకున్నారు. ఫోనులో నేను ఎంత చెప్పినా ఆమె ఒకటే మాట అన్నారు: "ఉప్పెననే చూసినదాన్నమ్మాయ్, ఈ గాలివానకు ఇల్లు వదిలిపెట్టి వస్తానా?" ఆ రాత్రి అదృష్టం బాగుండి ఇల్లు నిలిచింది. ఇక ఒంటరిగా ఉండనివ్వకూడదని మేము ఆమెను విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచింది. మూడు రోజులు పై వాటాలో, కరెంటు లేకుండా, పడవ మీద ఎవరో అందించిన పాల ప్యాకెట్లతో గడిపాం. రెండో రోజుకే ఆమె బీపీ బిళ్ళలు అయిపోయాయి. "మీ ఊళ్ళో సముద్రం కూడా లేదు కదమ్మా, ఇన్ని నీళ్ళెక్కడివి?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. నీళ్ళు తీసిన వెంటనే సొంత ఊరికి వెళ్ళిపోయారు. ముప్పు నుంచి ముసలివాళ్ళను ఎక్కడికో తీసుకుపోవడం ఒక్కటే మార్గం కాదని, ఉన్నచోటే సిద్ధంగా ఉండటం నేర్పాలని మాకు అర్థమైంది అప్పుడే.

దివిసీమలో ఈ పని మరింత కష్టం కావడానికి ఒక కారణం ఉంది. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెనలో సముద్రం అయిదు మీటర్లకు పైగా లేచి ఊళ్ళ మీద పడింది. అధికారిక లెక్క ప్రకారమే పది వేల మంది దాకా చనిపోయారు. ఆ రాత్రి బతికి బయటపడ్డ ఆడవాళ్ళే ఇప్పుడు డెబ్బై దాటిన మామ్మలు. అంతకన్నా పెద్దది మరొకటి రాదన్న ధైర్యమూ, వస్తే ఎలాగూ మిగలమన్న తెగింపూ వాళ్ళలో ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. వాళ్ళకు తుఫాను గురించి పాఠం చెప్పబోవడం గజ ఈతగాడికి నీళ్ళ లోతు చెప్పడం లాంటిది. వాళ్ళకు తెలియనిది తుఫాను కాదు. తమ ఒళ్ళు ఇప్పుడు 1977 నాటి ఒళ్ళు కాదన్న సంగతి మాత్రమే. మా అత్తయ్యగారు ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికారు. అప్పుడు ఆమె వయసు 26. ఇవాళ ఆమె చేతివేళ్ళు మందుసీసా మూత తిప్పలేవు.

మొదటి తరగతి ఈ విషయమే గ్రహించలేదు. రామాలయం పక్క హాల్లో గోడకు తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి, శిక్షకురాలు గంటసేపు "విపత్తు సంసిద్ధత", "దుర్బల వర్గాలు", "ప్రతిస్పందన సామర్థ్యం" అంటూ చదివారు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన ముసలివాళ్ళు గోడకు చేరగిలబడి హాయిగా కునుకు తీశారు. తరువాత ప్రభుత్వం విపత్తు హెచ్చరికలు పంపే సచేత్ యాప్‌ను ఫోనులో ఎలా దింపుకోవాలో చూపించారు. ఆ 31 మందిలో బొత్తాల ఫోను కాక వేరే ఫోను ఉన్నవారు నలుగురే. ఆ రోజు పనికొచ్చిన విషయం ఒక్కటే. రేవులో ఎగరేసే ప్రమాద సూచికల గురించి మా వైపు ఒక అపోహ ఉంది: ఎనిమిదో నంబరు కన్నా తొమ్మిది, తొమ్మిది కన్నా పది తీవ్రమైనదని అనుకుంటారు. కాబట్టి "పదో నంబరు వేసినప్పుడు చూద్దాంలే" అంటారు. నిజానికి ఆ నంబర్లు ఓడలవాళ్ళ కోసం. 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే, వాటి మధ్య తేడా తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుంది, లేక రేవు మీదుగానే దాటుతుందా అన్నదే. ఊళ్ళలో ఉండేవారు చూడాల్సింది వాతావరణ శాఖ రంగులు: తీరం మీద ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఇచ్చేది పసుపు, 24 గంటల ముందు ఇచ్చేది నారింజ, తీరం దాటడానికి 12 గంటల ముందు ఇచ్చేది ఎరుపు. ఈ ముక్క విని మెలకువగా ఉన్నవాళ్ళు తల ఊపారు.

రెండో తరగతికి ఆ శిక్షకురాలు రాలేదు. ఆమె స్థానంలో యాభై ఏళ్ళు దాటిన మరొకావిడ వచ్చారు. ప్రొజెక్టరు లేదు, కుర్చీ కూడా వద్దని చాప మీద కూర్చున్నారు. "మీరు షెల్టరుకు ఎందుకు రారో చెప్పండి, నేను రాసుకుంటాను" అని మాత్రం అన్నారు. ఈ శిక్షణ మొత్తంలో నేను మెచ్చుకునేది ఈ ఒక్క ప్రశ్ననే. తరగతికి అసలు విలువ ఈ ప్రశ్న నుంచే వచ్చిందని, దీన్ని మొదటి రోజే అడిగి ఉంటే మధ్యలో మానేసిన అయిదుగురూ నిలిచేవారని నా అభిప్రాయం.

మొదట ఎవరూ నోరు విప్పలేదు. తరువాత ఒకరు మేక గురించి చెప్పారు, మరొకరు గేదె గురించి చెప్పారు. ఒకరు ట్రంకు పెట్టె గురించి చెప్పారు. అందులో ఏముందో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోను చేస్తే ఎత్తేవాళ్ళుండరని ఒకరు, అక్కడ ఎవరి పక్కన పడుకోవాలో ఏమోనని ఇంకొకరు అన్నారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని తనను ఎవరో మగవాళ్ళు ఎత్తుకుని మోస్తుంటే ఊరంతా చూడటం కన్నా ఇంట్లో పోవడమే నయమని ఒకావిడ కచ్చితంగా చెప్పారు. చాలాసేపటికి, అందరూ చల్లబడ్డాక, మా అత్తయ్యగారే అసలు మాట బయటపెట్టారు: "మరుగుదొడ్డికి వెళ్ళాలంటే అంతమంది మధ్య నుంచి లేచి వెళ్ళాలి. అక్కడ తలుపుకు గొళ్ళెం ఉండదు. అందుకని పొద్దున్నించీ నీళ్ళు తాగం, నీళ్ళ బిళ్ళ వేసుకోం."

ఆ మాట తరువాత హాలంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. బీపీకి, గుండెకు డాక్టరు రాసిన "నీళ్ళ బిళ్ళ" వేసుకుంటే మాటిమాటికీ లేవాల్సి వస్తుందని షెల్టరులో దాన్ని మానేస్తారట. నీళ్ళు తాగడం తగ్గిస్తారట. రెండో రోజుకు కళ్ళు తిరిగి పడిపోతే అందరూ తుఫాను భయం అనుకుంటారు. ఈ సంగతి కోడలినైన నాకు పదేళ్ళలో ఎన్నడూ తెలియలేదు, తెలియనందుకు సిగ్గుపడ్డాను. 1991 ఏప్రిల్ 29 నాటి బంగ్లాదేశ్ తుఫానులో లక్షా 38 వేల మంది దాకా చనిపోయారని, పదేళ్ళలోపు పిల్లల్లోనూ నలభై దాటిన ఆడవాళ్ళలోనూ మరణాలు ఎక్కువగా ఉన్నాయని ఆ శిక్షకురాలు తరువాత చెప్పారు. అంత పెద్ద లెక్క కన్నా గొళ్ళెం లేని తలుపు మా మామ్మలకు ఎక్కువ అర్థమైంది.

రాసుకున్న కారణాలను ఆమె కాగితం మీదే వదిలేయలేదు. మూడు, నాలుగు తరగతులు ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క విరుగుడు వెతకడంతోనే గడిచాయి. పశువులను కట్టుగొయ్యకు కట్టి ఉంచితే అవే ముందు పోతాయని, పలుపు విప్పేస్తే గట్టు వెతుక్కుంటాయని ఉప్పెన చూసిన మామ్మలే చెప్పారు. సంస్థవారు వాటి కొమ్ములకు, మేకల మెడకు రంగు గుర్తులు వేయించే ఏర్పాటు చేశారు. గాలి మధ్యలో ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను అయిపోయిందనుకుని బయటికి రాకూడదని, అది తుఫాను కన్ను దాటిపోవడమేనని, కాసేపటికే ఎదురు దిక్కు నుంచి జోరుగా గాలి తిరిగి కొడుతుందని శిక్షకురాలు మొదలుపెట్టగా, మిగిలిన పాఠం ఒక మామ్మ పూర్తి చేశారు. కొడుకుల ఫోను నంబర్ల జాబితా డ్వాక్రా సంఘాల లెక్కలు చూసే యానిమేటరు దగ్గర పెట్టారు. షెల్టరుకు చేరగానే ఆమే అందరికీ ఫోను చేసి చెప్పాలి. మోయడానికి డ్వాక్రా సంఘాల నుంచి ఎనిమిది మంది వయసు ఆడవాళ్ళను ఎంపిక చేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని కొంచెం వెనక్కి వాల్చి, ఇద్దరు ఎత్తుకెళ్ళడం నేర్పారు. కుర్చీ లేకపోతే రెండు వెదురు బొంగులకు రెండు గోతాలు తొడిగి డోలీ చేయడం చూపించారు.

చీర సంగతి కూడా ఈ తరగతుల్లోనే వచ్చింది. నీళ్ళలో నడవాల్సి వస్తే చీర కాళ్ళకు చుట్టుకుని పడేస్తుంది. పంజాబీ డ్రెస్సులు వేసుకోమని చెప్పే తెలివితక్కువ పని శిక్షకురాలు చేయలేదు, "నాట్లకు వెళ్ళేటప్పుడు ఎలా ఎగ్గట్టేవారు?" అని అడిగారు. డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు నవ్వుకుంటూ లేచి, కుచ్చిళ్ళు వెనక్కి దోపి, కొంగు నడుముకు బిగించి చూపించారు. ఆ రోజు హాల్లో ఉన్నంత సందడి ఊళ్ళో పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

ఇక సంచి. పడవల వాళ్ళు వాడే, నోరు మడిచి బిగించే, నీళ్ళు చొరని సంచి అది. 200 రూపాయలకు అది మంచి బేరమే. అందులో పెట్టి ఇచ్చిన వస్తువుల్లో మాత్రం కొన్ని ముసలి చేతులను దృష్టిలో పెట్టుకుని కొన్నవి కావు. టార్చిలైటు బొత్తాం ఎంత గట్టిదంటే మా అత్తయ్యగారు రెండు బొటనవేళ్ళతో నొక్కినా వెలగలేదు. మేము దాన్ని మార్చి జరిపే మీట ఉన్నది కొనిచ్చాం. చిన్న రేడియో బాగుంది, విజయవాడ ఆకాశవాణి స్పష్టంగా వినిపిస్తుంది, కానీ స్టేషను తిప్పే చక్రం మీద చిన్నగా ఒక రంగు చుక్క పెట్టి ఉంటే చీకట్లో తడుముకోవాల్సి వచ్చేది కాదు. అన్నిటికన్నా విచిత్రం ఈల. శిథిలాల కింద చిక్కుకుంటే అరవడం కన్నా ఈల ఊదడం మేలన్న సలహా మంచిదే, అయితే పళ్ళు లేని నోటితో ఈల పట్టు నిలవదు. పదకొండు మంది ఎంత ఊదినా గాలే వచ్చింది. చివరకు ఒక మామ్మ చిరాకుపడి, "స్టీలు పళ్ళెం, గరిటె ఉంటే నేను మోగించనా?" అన్నారు. ఆ సలహా నిజంగానే అందరి సంచుల్లోకీ చేరింది. ఇప్పుడు మా అత్తయ్యగారి సంచిలో ఈల పక్కన ఒక చిన్న పళ్ళెం, చెంచా ఉన్నాయి.

సంచిలో బాగా ఆలోచించి చేసిన వస్తువు మందుల పెట్టె. ఏడు గదులు, ప్రతి గదిలో పొద్దుకు సూర్యుడి బొమ్మ, రాత్రికి చందమామ బొమ్మ. చదువు రానివాళ్ళకు కూడా పొరపాటు జరగదు. కనీసం పది రోజుల మందులు ఎప్పుడూ విడిగా ఉండాలని, నెలకోసారి ఆశా కార్యకర్త దాన్ని చూసి పాతవి తీసి కొత్తవి పెట్టించాలని నియమం చేశారు. బుడమేరు వరదలో రెండో రోజుకే బిళ్ళలు అయిపోయిన మా ఇంటికి ఈ ఒక్క నియమమే 200 రూపాయల విలువ చేస్తుంది. ఇన్సులిన్ వేసుకునే ఇద్దరికి, వాడుకలో ఉన్న సీసా ఫ్రిజ్ లేకపోయినా చల్లని నీడలో దాదాపు నాలుగు వారాలు నిలుస్తుందని, కరెంటు పోతే తడి ఇసుక పోసిన పెద్ద కుండలో చిన్న మట్టి ముంత పెట్టి అందులో ఉంచుకోవచ్చని చూపించారు. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా, అన్న కొలత అందరి చేతా కలిపించి తాగించారు.

కాగితాల విషయంలో ఒక చిన్న గొడవ జరిగింది. ఆధారు, రేషను కార్డు, పింఛను కాగితం, బ్యాంకు పుస్తకం, పొలం పాసుపుస్తకం నకళ్ళు ప్లాస్టిక్ కవరులో పెట్టమన్నప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నెలకు 4,000 రూపాయల పింఛను చేతికి వచ్చే కాగితం ఎంత ముఖ్యమో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పేరు, ఊరు, కొడుకు ఫోను నంబరు, ఉన్న జబ్బు ఒక బట్ట ముక్క మీద రాసి జాకెట్టు లోపలి అంచుకు కుట్టుకోమన్నప్పుడు మాత్రం ఒకావిడ ముఖం మాడ్చుకున్నారు. "శవాన్ని గుర్తుపట్టడానికా?" అని అడిగారు. ఉప్పెన తరువాత గుర్తు తెలియని శవాలను గుంపులుగా పూడ్చడం, కాల్చడం చూసిన మనుషులు వాళ్ళు. శిక్షకురాలు తొందరపడి సర్దిచెప్పలేదు. కాసేపాగి, "108 బండి ఎక్కించేటప్పుడు మీకు మాట రాకపోతే, మీకు షుగరు ఉందని ఆ పిల్లాడికి తెలియాలి కదా" అన్నారు. చివరకు పందొమ్మిది మంది కుట్టుకున్నారు. ఏడుగురు కుట్టుకోలేదు. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టకపోవడం నాకు నచ్చింది.

అయిదో తరగతిలో "తోడు" ఏర్పాటు చేశారు: ఒక్కొక్క మామ్మకు వీధిలోనే ఉండే ఒక వయసు అమ్మాయి తోడు. నారింజ హెచ్చరిక వచ్చిన రోజు ఆ అమ్మాయి వచ్చి తీసుకువెళ్ళాలి. ఇక ఆరో తరగతి నిజమైన నడక. ఇంటి గుమ్మం నుంచి షెల్టరు మెట్ల పైదాకా ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూశారు. పదిహేను, ఇరవై నిమిషాలు చాలని అంతకుముందు అందరం అనుకున్నాం. మా అత్తయ్యగారికి 48 నిమిషాలు పట్టింది. అందులో పదకొండు నిమిషాలు ఆ 22 మెట్లకే. మా ఊరి షెల్టరు పాతది, స్తంభాల మీద ఎత్తుగా కట్టింది, వాలుదారి లేదు, మెట్లకు పట్టుకునే కమ్మీ ఒక పక్కనే ఉంది. పొడి నేల మీద, ఎండలో, గాలి లేనప్పుడు పట్టిన సమయమే అంత. వాన పడుతూ చీకటి పడ్డాక ఎంత పడుతుందో ఎవరూ పైకి అనలేదు. ఎరుపు హెచ్చరిక దాకా ఆగకుండా నారింజ రంగు వచ్చిన రోజే, పొద్దు ఉండగానే బయలుదేరాలన్న నిర్ణయం ఆ గడియారం చెప్పగానే మామ్మలు తమంతట తామే చేశారు.

లోపాలు చెప్పాలి. అన్నిటికన్నా పెద్దది, ఈ శిక్షణ నడిచి రాగలిగినవాళ్ళకే అందింది. మంచం పట్టినవాళ్ళు ఊళ్ళో ఆరేడుగురు ఉన్నారు. శిక్షకులు వారిలో ముగ్గురి ఇళ్ళకు మాత్రమే వెళ్ళారు, అదీ ఒక్కసారే. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే జాబితాలో చివర ఉండటం తిరగబడ్డ వరస. రెండోది, ఊరికి దూరంగా కాలువ గట్టు మీద ఉండే యానాది కుటుంబాల నుంచి ఒక్క ముసలావిడ కూడా తరగతికి రాలేదు. పిలిచారా అని అడిగితే సమాఖ్య ద్వారా కబురు పంపామన్నారు. వాళ్ళలో చాలామంది సంఘాల్లో సభ్యులే కారు, కబురు ఎవరికి చేరుతుంది? నీళ్ళు వస్తే ముందుగా తాకేది ఆ గట్టునే. మూడోది, చెవులు సరిగ్గా వినిపించని నలుగురు వెనక వరసలో కూర్చుని, ఏమీ వినకుండానే ఆరు మధ్యాహ్నాలూ గడిపారు. ఒక మైకు, లేదా వాళ్ళను ముందుకు పిలవడం, ఇంతే కావలసింది. "తోడు" అమ్మాయిల్లో ఇద్దరు సెప్టెంబరులోనే రొయ్యల పనికి వేరే ఊరు వెళ్ళిపోయారు. వాళ్ళ బదులు ఎవరినీ పెట్టలేదు. ఈ విషయం తుఫాను వచ్చిన రోజే బయటపడింది.

అక్టోబరు 27 మధ్యాహ్నం మూడు గంటలకు మా అత్తయ్యగారి తోడు అమ్మాయి వచ్చింది. ఇక్కడ నేను సింగ్‌నగర్‌లో ఫోను పట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ గడియ వేసుకుంటారేమోనని భయపడ్డాను. నాలుగున్నరకు యానిమేటరు ఫోను చేసి, "మామ్మగారు వచ్చేశారండి, సంచి కూడా తెచ్చారు" అని చెప్పింది. 26 మందిలో 23 మంది ఆ రోజు పొద్దు గూకేలోగా షెల్టరు చేరారు. రాని ముగ్గురిలో ఇద్దరు, తోడు అమ్మాయిలు ఊరు వదిలి వెళ్ళినవాళ్ళే. వాళ్ళను రాత్రి ఎనిమిది దాటాక సచివాలయం సిబ్బంది తెచ్చారు. మూడో ఆవిడ గేదెను వదిలి రాలేదు. మొంథా 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది; మా వైపు గాలి భయపడినంత లేదు, పెంకుటింటి వెనక వసారాకు రెండు రేకులు లేచిపోయాయి. అందువల్ల ఈ శిక్షణ పూర్తి పరీక్షకు నిలిచిందని నేను చెప్పలేను. కానీ 2023లో గడియ వేసుకున్న మనిషి 2025లో తనంతట తాను సంచి తగిలించుకుని బయలుదేరిందంటే, ఆరు మధ్యాహ్నాలకు అది తక్కువ ఫలితం కాదు.

షెల్టరులో గడిపిన రెండు రాత్రుల గురించి ఆమె చెప్పినది మిశ్రమంగా ఉంది. మందులు వేళకు వేసుకున్నారు. కొడుకుకు ఫోను ముందే వెళ్ళింది కాబట్టి బెంగ లేదు. ఆడవాళ్ళు ఒక పక్కగా పడుకునేలా రెండు చీరలు అడ్డం కట్టించుకున్నారు. షుగరు ఉన్నవాళ్ళకు కూడా మూడు పూటలా తెల్లన్నమే పెట్టారు. ఈ విషయం శిక్షణలో ఎవరో ముందే అడిగారు, సమాధానం మాత్రం రాలేదు. నీళ్ళు బాగానే ఉన్నాయి, అయినా ఆమె తక్కువే తాగారు. కారణం నాకు తెలుసు.

ప్రభుత్వం వైపు నుంచి ఇలాంటి శిక్షణ లేదని కాదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకం కింద 18 నుంచి 40 ఏళ్ళ యువతకు పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. అది రక్షించేవాళ్ళను తయారు చేసింది. 2004 సునామీ తరువాత తమిళనాడులో హెల్పేజ్ ఇండియా వృద్ధులతోనే స్వయం సహాయక సంఘాలు పెట్టించింది. అక్కడ ముసలివాళ్ళు సాయం అందుకునేవాళ్ళుగా కాక సంఘం నడిపేవాళ్ళుగా ఉన్నారు. మా ఊళ్ళో జరిగినది ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది. మామ్మలను అడిగారు, విన్నారు. జాబితా, తాళంచెవులు మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వలేదు. వచ్చే విడతలో షెల్టరు తాళంచెవి ఒకటి మామ్మల్లో ఒకరి దగ్గర ఉంచమని నేను రాతపూర్వకంగా అడిగాను.

అయిదుకు ఎంత వేస్తావని మా ఆయన అడిగితే మూడున్నర అన్నాను. రెండో తరగతి ఒక్కదానికే వేయమంటే అయిదుకు అయిదూ వేస్తాను. మీ ఊరికి ఇలాంటివాళ్ళను పిలిచేటప్పుడు, మొదటి రోజే ప్రొజెక్టరు తెస్తారా, చాప తెస్తారా అని అడగండి. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు ఎన్నిసార్లు వెళ్తారని అడగండి. తోడు ఊరు వదిలి వెళ్తే ఎవరు వస్తారో కాగితం మీద రాయించుకోండి. నగరంలో ఉన్నవారికి ఇది పనికిరాదనుకోవద్దు. సింగ్‌నగర్‌లో మా అపార్టుమెంటులో అరవై దాటినవారు తొమ్మిది మంది ఉన్నారు, వాళ్ళ మందుల జాబితా, పై వాటాకు ఎవరు ఎక్కిస్తారన్న మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. మొన్న ఆదివారం మా మెట్ల దగ్గర 112, 1070, 108 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి అతికించాను, ప్రస్తుతానికి అంతే.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు షెల్టరు చూసి వచ్చాను. మెట్లకు రెండో పక్క కూడా కమ్మీ బిగించారు. మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం ఇంకా పెట్టలేదు. అడిగితే బడ్జెటులో పెట్టామని చెప్పారు. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా అత్తయ్యగారు ఏమీ అనలేదు. దూలానికి తగిలించి ఉన్న సంచి దింపి, నోరు విప్పి, మందుల పెట్టెకు, స్టీలు పళ్ళేనికి మధ్యలో చుట్టి పెట్టిన మూరెడు నైలాన్ తాడు, వంచిన మేకు ఒకటి తీసి చూపించారు.